వేలిముద్ర మనది, ప్రశ్న ఎవరిది?

ఆదివాసీ ప్రాంతాల్లో జరిగే వైద్య పరిశోధనల కాగితాలు ఏవి తెరిచినా మూడు మాటలు తప్పకుండా కనిపిస్తాయి: సహకారం, శిక్షణ, నిధులు. ఫలానా సంస్థ సహకారంతో, స్థానిక సిబ్బందికి శిక్షణ ఇచ్చి, ఫలానా వారి నిధులతో ఈ పని చేస్తున్నాం అని రాస్తారు. మూడూ మంచి మాటలే. అయితే ఎవరు ఎవరితో సహకరించారు, ఎవరికి ఏ పని నేర్పారు, డబ్బు ఏ ప్రశ్నకు జవాబు వెతకడానికి వచ్చింది అని అడిగితే వాటి అసలు రంగు బయటపడుతుంది. అలా అడిగి చూడటానికి మనకు దూరపు ఉదాహరణ అక్కర్లేదు. భద్రాచలం ఉంది.

భద్రాచలంలో జరిగింది

2009 జూలైలో, అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో హెచ్‌పీవీ టీకా కార్యక్రమం మొదలైంది. ఆడవాళ్లకు గర్భాశయ ముఖద్వారానికి వచ్చే క్యాన్సర్‌ను అడ్డుకునే టీకా ఇది. భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలు దాదాపు 14,000 మందికి మూడు డోసుల చొప్పున వేయాలన్నది పథకం. నడిపింది పాత్ అనే అమెరికా సంస్థ. భారత వైద్య పరిశోధన మండలి, అంటే ఐసీఎంఆర్, రాష్ట్ర ప్రభుత్వం భాగస్వాములు. డబ్బు బిల్ అండ్ మెలిండా గేట్స్ ఫౌండేషన్‌ది. ఇక్కడ వేసింది మెర్క్ కంపెనీ తయారుచేసిన గార్డసిల్. గుజరాత్‌లోని వడోదరలో గ్లాక్సో స్మిత్‌క్లైన్ వారి సెర్వారిక్స్ వేశారు. రెండు చోట్లా టీకాలను కంపెనీలే ఉచితంగా ఇచ్చాయి. మన దగ్గర టీకా వేయించుకున్నవారిలో ఆశ్రమ పాఠశాలల, హాస్టళ్ల పిల్లలు చాలామంది ఉన్నారు.

టీకాతో మనకు తగవు లేదు. ఈ క్యాన్సర్ పేద ఆడవాళ్లను ఎక్కువగా పొట్టన పెట్టుకునే జబ్బు. టీకా దాన్ని ఆపగలదని తర్వాతి పరిశోధనల్లో గట్టిగా రుజువైంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని సిఫారసు చేస్తోంది. 2022లో ఒక్క డోసుతో కూడా సరిపెట్టవచ్చునని చెప్పింది. మన పిల్లలకు ఇది అందవలసిందే. మంచి మందును కూడా మన మధ్యకు ఎలా తెచ్చారన్నదే ఇక్కడి విమర్శ.

2010 మార్చిలో సామా అనే మహిళా ఆరోగ్య బృందం కార్యకర్తలు భద్రాచలం వచ్చి విచారించారు. అంగీకారం తీసుకున్న తీరు సరిగా లేదని బయటపెట్టారు. ఏప్రిల్‌లో కేంద్రం కార్యక్రమాన్ని ఆపించి విచారణ సంఘం వేసింది. 2013 ఆగస్టులో పార్లమెంటు ఆరోగ్య స్థాయీ సంఘం తన 72వ నివేదికలో ఈ వ్యవహారాన్ని తీవ్రంగా తప్పుపట్టింది.

ఈ మొత్తం కథలో మనం గుర్తుపెట్టుకోవలసినవి మూడు అంకెలు. మన జిల్లాలో లెక్కకు వచ్చిన అంగీకార పత్రాలు 9,543. వాటిలో 1,948 పత్రాల మీద వేలిముద్రలు ఉన్నాయి. 2,763 పత్రాల మీద హాస్టల్ వార్డెన్ల సంతకాలు ఉన్నాయి. అంటే పది పత్రాలు తీస్తే దాదాపు మూడింటి మీద అమ్మా లేదు, నాన్నా లేరు. వార్డెన్లు తమంతట తాము చొరవ తీసుకుని చేసిన పని కూడా కాదిది. తల్లిదండ్రుల తరఫున ప్రధానోపాధ్యాయులు, వార్డెన్లు సంతకాలు పెట్టాలని రాష్ట్ర ప్రభుత్వమే సర్క్యులర్ ఇచ్చిందని పార్లమెంటు సంఘం రాసింది.

వేలిముద్రలో దానంతట దానికి తప్పు లేదు. చదువురాని తల్లి కూడా విషయం విని, అడగవలసింది అడిగి, ఇష్టపడి వేలిముద్ర వేయవచ్చు. ఆమెకు చెప్పిందెవరు? ఇంట్లో కోయ మాట్లాడే తల్లికి ఏ భాషలో చెప్పారు? వద్దంటే ఏమవుతుందని ఆమె అనుకుంది? బియ్యం కార్డు పోతుందనో, పిల్లను హాస్టల్ నుంచి పంపేస్తారనో ఆమెకు భయం ఉంటే, ఆ వేలిముద్ర అంగీకారం కాదు.

పాత్ సంస్థ తన మీద వచ్చిన ఆరోపణలను ఒప్పుకోలేదు. ఇది క్లినికల్ ట్రయల్ కాదని, అనుమతి ఉన్న టీకాను ఎలా అందించాలో చూపే ప్రదర్శన కార్యక్రమమని చెప్పింది. పేరు ఏది పెట్టినా సూది గుచ్చుకునేది అదే చేతికి. అంగీకారానికి ఉండవలసిన విలువ పేరును బట్టి మారకూడదు.

సహకారం ఎవరి మధ్య?

పాత్‌కూ ఐసీఎంఆర్‌కూ ఒప్పందం 2007లో కుదిరింది. మన దేశంలో ఈ టీకాకు అమ్మకపు అనుమతి 2008లో వచ్చింది. అనుమతి రాకముందే ఒప్పందం ఎలా కుదిరిందని పార్లమెంటు సంఘం నిలదీసింది. వైద్య పరిశోధనలకు నీతి సూత్రాలు రాసే సంస్థే ఈ పనిలో భాగస్వామి కావడం మీద కూడా అభ్యంతరం చెప్పింది. కాపలా ఉండవలసినవాడు పొత్తులో చేరితే కాపలా ఎవరు కాస్తారు?

మన వైపు నుంచి చూస్తే ఇంకో సంగతి కూడా ఉంది. ఈ సహకారం సియాటెల్, ఢిల్లీ, హైదరాబాద్‌ల మధ్య నడిచింది. భద్రాచలం పేరు అందులో ఊరి పేరుగా మాత్రమే ఉంది. ఏ జబ్బు మీద పని చేయాలి, ఏ వయసు పిల్లలను తీసుకోవాలి, ఏ కంపెనీ మందు వాడాలి అన్నవన్నీ తేలిపోయాక చివరలో మన దగ్గరకు ఒక కాగితం వచ్చింది. అప్పటికి మనం చెప్పగలిగింది అవును, కాదు అన్న రెండు మాటలే. కాదు అనే మాట కూడా వార్డెన్ సంతకంతో పోయింది.

ఆ ఏడుగురి ప్రశ్న

టీకా వేయించుకున్నవారిలో ఏడుగురు పిల్లలు చనిపోయారు. ఖమ్మం జిల్లాలో అయిదుగురు, గుజరాత్‌లో ఇద్దరు. ఆ చావులకు టీకాతో సంబంధం ఉండకపోవచ్చునని విచారణ సంఘం తేల్చింది. చెప్పిన కారణాలు ఇవి: ఇద్దరు పురుగుమందు తాగారు. ఒకరు క్వారీ గుంటలో మునిగారు. ఒకరిని పాము కరిచింది. ఒకరు మలేరియాతో పోయారు. మిగిలిన ఇద్దరిలో ఒకరికి జ్వరం, మరొకరికి మెదడులో రక్తస్రావం అయి ఉండవచ్చునన్నారు.

ఆ నిర్ధారణ మీద వాదోపవాదాలు చాలా జరిగాయి. వాటిని పక్కన పెట్టి విచారణ సంఘం చెప్పిందే నిజమనుకుందాం. అలా అనుకున్నా మనసు కుదుటపడదు. పదీ పన్నెండేళ్ల పిల్ల పురుగుమందు డబ్బా ఎందుకు ఎత్తింది? పాము కాటుకు ఇచ్చే మందు ఆ ఊరికి ఎంత దూరంలో ఉంది? మలేరియా వచ్చిన పిల్లకు రక్తపరీక్ష ఎన్నో రోజున చేశారు? జ్వరం అని రాసి వదిలేసిన చోట అది ఏ జ్వరం? చావుకూ టీకాకూ సంబంధం ఉందా లేదా అన్నదొక్కటే విచారణకు అందిన ప్రశ్న. లేదు అన్న జవాబుతో ఆ పని ముగిసింది. మన పిల్లలు దేనివల్ల పోతున్నారన్న ప్రశ్న మాత్రం అలాగే మిగిలింది.

ఈ ప్రశ్న ఎంత పెద్దదో చెప్పే లెక్కలు లేకపోలేదు. డాక్టర్ అభయ్ బంగ్ అధ్యక్షతన కేంద్ర ఆరోగ్య శాఖ, గిరిజన వ్యవహారాల శాఖ కలిసి వేసిన నిపుణుల సంఘం 2018లో నివేదిక ఇచ్చింది. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశ జనాభాలో ఆదివాసులు 8.6 శాతం. మలేరియా కేసుల్లో మాత్రం 30 శాతం, మలేరియా చావుల్లో 50 శాతం మనవేనని ఆ నివేదిక చెప్పింది. ఆదివాసుల ఆరోగ్యం గురించి విడిగా సమాచారం దొరకడమే కష్టమని కూడా చెప్పింది. లెక్కలో లేని జబ్బుకు నిధులు రావు, నిధులు రాని జబ్బు లెక్కలోకి ఎక్కదు. ఈ గానుగ చుట్టూనే మనం ఏళ్లుగా తిరుగుతున్నాం.

శిక్షణ ఏ పనికి?

భద్రాచలంలో ప్రభుత్వ ఆరోగ్య సిబ్బంది, బడులు ఈ పనికి వాడుకలోకి వచ్చాయి. కానీ టీకా తర్వాత పిల్లలకు ఏమైనా తేడా చేస్తే పట్టుకుని, రాసి, పైకి పంపే ఏర్పాటు సరిగా లేదని పార్లమెంటు సంఘం ఎత్తిచూపింది. సూది వేయడం నేర్పడం, పత్రాలు నింపడం నేర్పడం తేలిక. చూసింది రాయడం, అనుమానం వస్తే ఆపమని చెప్పడం నేర్పాలంటే ఆ మనిషి మాటకు విలువ ఇవ్వాలి. శిక్షణ అంటే మొదటిదే అని మనకు అలవాటు చేశారు.

ఇంకో రకం శిక్షణ కూడా ఉందని చెప్పడానికి ప్రాణహిత అవతలి గట్టు చూడాలి. మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లాలో రాణి బంగ్, అభయ్ బంగ్ అనే డాక్టర్ దంపతులు 1986 నుంచి సెర్చ్ అనే సంస్థను నడుపుతున్నారు. అక్కడి పల్లెల్లో పసికందుల చావులు ఎక్కువగా ఉండేవి. ఆసుపత్రికి తీసుకుపోవడం ఆ కుటుంబాల వల్ల కాదు. అందుకని 39 ఊళ్లలో, అదే ఊరి ఆడవాళ్లకు వైద్యం నేర్పారు. పుట్టిన బిడ్డను తూచడం, ఒళ్లు చల్లబడకుండా చూడటం, ఊపిరి అందకపోతే అందించడం, ఒంట్లో విషం పాకే ఇన్‌ఫెక్షన్‌ను గుర్తుపట్టి ఇంజక్షన్ ఇవ్వడం వాళ్లు నేర్చుకున్నారు. కొద్దిపాటి బడిచదువు ఉన్న పల్లె ఆడవాళ్లు వాళ్లు. మరో 47 ఊళ్లతో పోల్చి చూస్తే నవజాత శిశువుల చావులు 62 శాతం తగ్గాయి. 1999లో ఆ ఫలితాలు లాన్సెట్ పత్రికలో వచ్చాయి. ఈరోజు ఆశా కార్యకర్తలు బాలింత ఇంటికి వెళ్లి బిడ్డను చూస్తున్నారంటే దాని వేరు అక్కడే ఉంది.

ఆ పనిలో ఒక పరికరం నాకు ఎంతో నచ్చింది. పసిబిడ్డకు న్యుమోనియా ఉందో లేదో తెలియాలంటే నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తోందో లెక్కపెట్టాలి. యాభై అరవై దాకా లెక్క రాని మంత్రసానులు ఆ పని ఎలా చేస్తారు? వాళ్లు నేర్చుకోలేరని వదిలేయలేదు. ఒక నిమిషం ఇసుక గడియారం, పక్కన పూసల వరస పెట్టి ఒక సాధనం తయారుచేశారు. పది ఊపిర్లకు ఒక పూస జరపాలి. ఇసుక అయిపోయేలోపు ఎర్రపూస జరపవలసి వస్తే బిడ్డకు న్యుమోనియా. మనిషికి తెలిసిన లెక్కకు తగ్గట్టు పరికరం చేశారు. టీచర్లు ఈ సంగతి గమనించాలి. మన పిల్లలకు లెక్కలు రావని రిజిస్టర్లో రాసే ముందు, మనం ఏ పూసలు ఇచ్చామో చూసుకోవాలి.

గడ్చిరోలిని దేవుడి గుడిలా చూడనక్కర్లేదు. ఆ ఊళ్లలో అందరూ ఆదివాసులు కారు. ప్రశ్న వేసినవాళ్లు, వ్యాసం రాసినవాళ్లు బయటనుంచి వచ్చిన డాక్టర్లే. పోల్చడానికి పెట్టుకున్న 47 ఊళ్ల బిడ్డలకు ఆ సేవ అప్పుడు అందలేదన్న బాధ కూడా ఉంది. అయినా ఒక తేడా స్పష్టంగా కనిపిస్తుంది. అక్కడ సమస్య ఆ ఊళ్లదే, జవాబు కూడా ఆ ఊళ్లలోనే మిగిలింది. వాళ్ల ఆసుపత్రిని ఆదివాసులు అడిగినట్టుగా, బంధువులు కూడా పక్కన ఉండేలా గుడిసెల వరసగా కట్టి, దంతేశ్వరి తల్లి పేరు పెట్టారు. అడిగి కట్టినదానికీ కట్టి చూపినదానికీ తేడా ఆ కప్పుల్లోనే తెలుస్తుంది.

నిధులకు ఒక ముఖం ఉంటుంది

విదేశీ డబ్బు అంటేనే ఉలిక్కిపడేవాళ్లు మనలో ఉన్నారు. గడ్చిరోలి పనికీ ఫోర్డ్, మెకార్థర్ ఫౌండేషన్ల సహాయం అందింది. కాబట్టి డబ్బు ఏ దేశానిదన్నది రెండో ప్రశ్న. ఆ డబ్బు వచ్చేటప్పుడే ప్రశ్నను కూడా వెంట తెచ్చిందా, లేక ఇక్కడి ప్రశ్నకు తోడుగా వచ్చిందా అన్నది మొదటిది. ఖమ్మంలో టీకా కంపెనీలకు లాభసాటి అయిన ప్రశ్ననే ప్రభుత్వ యంత్రాంగం తలకెత్తుకుందని పార్లమెంటు సంఘం అభిప్రాయపడింది.

మన ప్రభుత్వ నిధులకూ ఇదే పరీక్ష పెట్టాలి. ఆదివాసుల ఆరోగ్యం మీద పరిశోధనకు ఐసీఎంఆర్ 1984లోనే జబల్‌పూర్‌లో ఒక కేంద్రం పెట్టింది. ప్రభుత్వ వైద్య కళాశాలల్లో పరిశోధన విభాగాలు పెట్టే పథకం కేంద్ర ఆరోగ్య పరిశోధన శాఖకు ఉంది. ఆదిలాబాద్, కొత్తగూడెం, ఆసిఫాబాద్, ములుగు, పాడేరు. ఈ ఊళ్లన్నిటిలో ఇప్పుడు ప్రభుత్వ వైద్య కళాశాలలు ఉన్నాయి. ఏజెన్సీ జబ్బుల మీద పరిశోధన ఈ కళాశాలల నుంచి నడవాలి. పాముకాటు, మలేరియా, బాలింత రక్తహీనత, హాస్టల్ పిల్లల ఆత్మహత్యలు వాళ్ల గుమ్మం ముందరి ప్రశ్నలు. కోయ, గోండి, కువి, సవర మాట్లాడే పిల్లలు అక్కడ చదివినప్పుడు ప్రశ్న అడిగేవాడికీ జవాబు చెప్పేవాడికీ మధ్య దుబాసీ అవసరం తగ్గుతుంది.

గుమ్మం దగ్గరే ఆగిన సూత్రాలు

2017లో ఐసీఎంఆర్ కొత్త నీతి సూత్రాలు తెచ్చింది. ఆదివాసుల గురించి అందులో విడిగా రాసిన భాగం ఉంది. ఆదివాసీ ప్రాంతంలోకి వెళ్లే ముందు గిరిజన సంక్షేమ కమిషనర్ లేదా కలెక్టర్ వంటి అధికారి అనుమతి తీసుకోవాలి. తెగ పెద్దలను, భాష తెలిసినవాళ్లను సంప్రదించి, సాక్షుల ముందు అంగీకారం తీసుకోవాలి. పెద్ద ఒప్పుకున్నా ప్రతి మనిషి అంగీకారం విడిగా తీసుకోవాలి. మన జ్ఞానంతో వ్యాపారం జరిగితే లాభంలో వాటా ఇవ్వాలి. పిల్లల విషయంలో తల్లిదండ్రుల అంగీకారంతో పాటు, ఏడేళ్లు దాటిన పిల్లల ఒప్పుదల కూడా కావాలి.

ఇవి మంచి మాటలు. ఖమ్మం పిల్లలకు 2009లో ఇవి అక్షరాలా అమలై ఉంటే ఆ 2,763 సంతకాలు ఉండేవి కావు. కానీ ఆ భాగాన్ని జాగ్రత్తగా చదవండి. దాదాపు ప్రతి వాక్యమూ లోపలికి ఎలా రావాలో చెబుతుంది. ఎవరిని అడగాలి, ఎవరు తలుపు తీయాలి, ఎవరు సాక్షి. లోపలికి వచ్చాక ఏం వెతకాలో నిర్ణయించడంలో ఆదివాసికి చోటు ఏమిటన్నది ఆ వాక్యాల్లో కనబడదు. అదే పుస్తకంలో వేరే చోట్ల సముదాయాన్ని కలుపుకుపోవాలని సాధారణంగా రాశారు. మన భాగంలో మాత్రం మనం తలుపు దగ్గర నిలబడిన మనుషులం.

మనలాంటి జనమే ఈ తలుపును ఎలా మార్చారో చూడండి. అమెరికాలోని గ్రాండ్ కాన్యన్‌లో హవసుపాయి అనే చిన్న తెగ ఉంది. 1990లలో ఆరిజోనా స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు వాళ్లలో మధుమేహం ఎక్కువగా ఉందని రక్తం తీసుకున్నారు. ఆ రక్తాన్నే మానసిక వ్యాధుల మీద, ఆ తెగ ఎక్కడి నుంచి వలస వచ్చిందన్న దాని మీద పరిశోధనలకూ వాడారు. 2003లో ఆ తెగకు చెందిన కార్లెట్టా టిలూసీ అనే యువతి యూనివర్సిటీలో ఒక థీసిస్ ప్రసంగానికి వెళ్లి కూర్చుంది. తన జనం రక్తం గురించే మాట్లాడుతున్నారని అర్థమై, లేచి, దీనికి మా అనుమతి ఉందా అని అడిగింది. ఆ ఒక్క ప్రశ్న కోర్టు దాకా వెళ్లింది. 2010 ఏప్రిల్‌లో రాజీ కుదిరింది. 41 మందికి 7 లక్షల డాలర్లు ఇచ్చారు, మిగిలిన రక్త నమూనాలు తిరిగి ఇచ్చేశారు. సరిగ్గా అదే నెలలో ఖమ్మం కార్యక్రమం ఆగింది. దక్షిణాఫ్రికాలో శాన్ ప్రజలు 2017లో, తమ దగ్గరకు వచ్చే పరిశోధకులు పాటించవలసిన నియమావళిని తామే రాసుకుని ప్రకటించారు. సూత్రాలు పైనుంచే రావాలని ఎక్కడా లేదు.

ఇప్పుడు మన ముందున్నది

ఇదంతా పాత కథ అనుకోవద్దు. నీలగిరి ఆదివాసుల రక్తంలో సికిల్ సెల్‌ను 1952లో గుర్తించారు. దాన్ని నిర్మూలించే జాతీయ మిషన్ 2023 జూలై 1న మొదలైంది. 40 ఏళ్ల లోపు 7 కోట్ల మందికి పరీక్ష చేస్తామన్నారు. మన ఊళ్లలో, బళ్లలో రక్తం తీసి కార్డులు ఇచ్చేది దీనికోసమే. ఇది కావలసిన పని, ఆలస్యంగా వచ్చిన పని. కార్డు మీద రాసింది గోండిలో, కోయలో ఎవరు వివరిస్తారు? జబ్బు లేకుండా లక్షణం మాత్రమే మోస్తున్న పిల్లకు పెళ్లి సంబంధాలు చెడిపోకుండా ఎవరు కాపాడతారు? ఆ రక్తపు లెక్కలు ఎవరి దగ్గర ఉంటాయి? ఈ ప్రశ్నలు ఇప్పుడే అడగాలి. పరీక్షకు రాకుండా పారిపోతే నష్టం మనకే. పరీక్ష చేయించుకుంటూనే అడగాలి.

పేసా చట్టం 1996 నుంచి ఉంది. అయిదో షెడ్యూలు ప్రాంతాల్లో సామాజిక రంగాల సంస్థల మీద, సిబ్బంది మీద గ్రామసభకు, పంచాయతీకి అదుపు ఉండాలని అది చెబుతుంది. ఆరోగ్య పరిశోధన ఆ పరిధి బయటిదని మనకు మనమే అనుకుంటే ఎలా? పరిశోధన బృందం ఊరికి వస్తే గ్రామసభలో కూర్చోబెట్టి అడగవలసినవి కొన్ని ఉన్నాయి. ఈ ప్రశ్న ఎవరు వేశారు? డబ్బు ఎవరిది, మందు ఎవరిది? మా పిల్లల్లో ఎవరికి ఏ పని నేర్పుతారు? తేడా చేస్తే ఎవరికి చెప్పాలి, వైద్యం ఖర్చు ఎవరిది? మా రక్తం, మా లెక్కలు ఎక్కడ ఉంచుతారు? ఫలితం మా భాషలో ఎప్పుడు వచ్చి చెబుతారు? వద్దంటే మాకు ఏం పోతుంది? ఆఖరి ప్రశ్నకు ఏమీ పోదు అన్న జవాబు మినిట్స్ బుక్కులో రాయించుకోవాలి.

చదువుకుంటున్న తమ్ముళ్లూ చెల్లెళ్లూ, నర్సింగ్, ల్యాబ్ టెక్నీషియన్, ఎంబీబీఎస్, సామాజిక శాస్త్రం, ఏ కోర్సులో ఉన్నా మీ ఊరి చావుల జాబితా ఒకటి రాయడం మొదలుపెట్టండి. ఎవరు, ఏ వయసు, ఏ లక్షణం, ఎన్నో రోజున ఆసుపత్రికి చేరారు, ఎంత దూరం నడిచారు. అయిదేళ్లు రాస్తే అది పరిశోధన అవుతుంది. అప్పుడు నిధులు తెచ్చేవాడికి మన ప్రశ్న చేతికి ఇవ్వవచ్చు.

టీచర్లకు, వార్డెన్లకు ఒక్క మాట. హాస్టల్లో పిల్లకు మీరే అమ్మా నాన్నా అని మీకు చెబుతూ ఉంటారు. అన్నం పెట్టేటప్పుడు ఆ మాట నిజం. అంగీకార పత్రం దగ్గర నిజం కాదు. ఎంత పెద్ద అధికారి నుంచి సర్క్యులర్ వచ్చినా తల్లికో తండ్రికో కబురు పంపండి. సంతకు వచ్చే రోజు చూసి పిలవండి. వాళ్ల భాషలో, ఆ పిల్ల కూడా వింటుండగా చెప్పించండి. వాళ్లు వచ్చేదాకా ఆ కాగితాన్ని మీ బీరువాలోనే ఉంచండి.